ఓబయ్య గాంధారం

హార్మోనియం బాగుచేసేవాడి పనేమిటని అడిగితే చాలామంది తోలు, జిగురు, ఇత్తడి అంటారు. అవి సామాన్లు. నేను మార్కాపురంలో ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేశాను. అందులో సగం కాలం చేతిలో పనిముట్టు లేకుండా కూర్చుని, ఎదుటివాళ్లు పాడుతుంటే వినడంతోనే గడిచింది. వాళ్లలో బాగా పాడినవాళ్లు తక్కువ. అయినా విన్నందుకు నాకేమీ విచారం లేదు.

పోయిన నెల తర్లుపాడు నుంచి ఒకమ్మాయి, ఆమె అన్న వచ్చి ఈ పని నేర్పమన్నారు. ఆ అమ్మాయి ఫోనులో శృతి చూసే ఏర్పాటు ఉంది. ఏ స్వరం మోగించినా అది ఎంత ఎక్కువో, ఎంత తక్కువో ముల్లు కదిలి చూపిస్తుంది. ముచ్చటపడి చాలాసేపు చూశాను. ఇది చేతిలో ఉండగా ఇంకా నేర్చుకోవలసింది ఏముందని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ఇది రాస్తున్నాను. సొంత దుకాణం ఎప్పుడు పెట్టాను, ఎన్ని పెట్టెలు బాగుచేశాను లాంటివి ఎవరికీ పనికిరావు కనుక వదిలేస్తున్నాను.

పెట్టె కంటే ముందు పాట

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉండేవి. నాకు అప్పుడే ఇరవై నిండాయి. బజారు చివర, పలకల దుకాణాల వరసలో ఉన్న రామాచారిగారి హార్మోనియం దుకాణంలో పనికి చేరాను. నేను ఆయన్ని మామ అనేవాణ్ణి. ఊళ్లో సగం మందికి ఆయన మామే. పక్కన పలకలు కోస్తుంటే లేచే పొడి మా పెట్టెల్లో పడకుండా గుమ్మానికి తడిపిన గోనెపట్టా కట్టుకుని పనిచేసేవాళ్లం. భజన బృందాల పెట్టెలు, నాటకాల వాళ్ల పెట్టెలు, నేర్చుకుంటామని సరదాపడి కొని అటకెక్కించిన పెట్టెలు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి.

మామకు ఒక కట్టుబాటు ఉండేది. పెట్టె తెచ్చినవాళ్లు దాని మీద తమకిష్టమైన పాట ఒకటి పాడేదాకా ఆయన మూత విప్పేవారు కాదు. తిత్తి చినిగి గాలి రాకపోయినా సరే, ఉత్త గొంతుతోనైనా పాడాలి. పాడాక, ఆ పాటే ఎందుకని అడిగేవారు. మొదట్లో ఇది నాకు వృథా కాలక్షేపంలా కనిపించింది.

గిద్దలూరు నుంచి ఒక బట్టల దుకాణం శెట్టిగారు వచ్చారు. భారీ మనిషి. పాట అనగానే ముఖం ఎర్రబడింది. వెంట వచ్చిన గుమాస్తాను టీ తాగి రమ్మని పంపేసి, తలుపు దగ్గరికి వేసి, సన్నని గొంతుతో రైల్లో అడుక్కునేవాళ్లు పాడే పాట ఒకటి పాడారు. పెళ్లయిన కొత్తలో భార్యను కాపురానికి తీసుకొస్తుంటే, రైలు నల్లమల సొరంగంలోకి దూరి పెట్టెంతా చీకటైందట. ఆ చీకట్లో గుడ్డివాడొకడు ఏమీ జరగనట్టు పాడుతూనే ఉన్నాడట. కొత్తపెళ్లికూతురికి నవ్వు ఆగలేదట. ఆమె నవ్వు వినడం ఆయనకు అదే మొదలు. ఆయన తెచ్చిన హార్మోనియంలో వేళ్లతో నొక్కే మెట్లు నాలుగే అరిగి ఉన్నాయి. మిగతావన్నీ కొన్ననాటి తెలుపుతోనే ఉన్నాయి. ఆ నాలుగూ సరిచేసి ఇచ్చాం. ఆయనకు అంతకంటే అక్కర్లేదు.

తర్లుపాడు అయ్యవారొకరు వచ్చి, గొంతు సవరించుకుని, యుద్ధభూమిలో రాజు పాడే పద్యం దుకాణం అదిరేలా పాడారు. మామ మెట్లను వేలితో తడిమి చూసి, "అయ్యవారూ, మీ నోరు ఒకటి పాడతా ఉంది, మీ చేతి ఏళ్లు ఇంకోటి పాడినాయి" అన్నారు. అరిగిన మెట్లు ఆ పద్యానివి కావు. అయ్యవారు కాసేపు బుకాయించి చివరకు ఒప్పుకున్నారు. వయసులో ఉన్నప్పుడు నాటకంలో చెలికత్తె వేషం వేసేవారట. ఆ పాటంటేనే ప్రాణమట. నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు తిప్పుతూ మొత్తం పాడి వినిపించారు. పక్క దుకాణంలో పలకలు కోసేవాళ్లు పని ఆపి గుమ్మంలో నిలబడ్డారు.

అప్పటికి నాకు తెలిసిందేమిటంటే, చెవి పెట్టి చూస్తే పెట్టె కూడా తన కథ చెబుతుందని. కానీ తెలియడం వేరు, నమ్మడం వేరు.

గ్రంథాలయంలో దొరికిన ధైర్యం

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత చదివిందంతా ఊళ్లోని గ్రంథాలయంలోనే. గొప్పగా చెప్పుకుంటున్నానని అనుకున్నా ఫరవాలేదు, అక్కడున్న బీరువాలు రెండింటినీ నేను పైనుంచి కిందికి చదివాను. అందులో భౌతికశాస్త్రం పుస్తకమొకటి ఉండేది. ధ్వని గురించిన అధ్యాయం కోసం దాన్ని ఎన్నిసార్లు ఇంటికి తీసుకెళ్లానో లెక్కలేదు. చివరికి లైబ్రేరియను ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టడం మానేసి తన బల్ల సొరుగులో ఉంచేవాడు, ఎటూ నేనే అడుగుతానని.

ఆ పుస్తకంలోనే శృతిదండం గురించి చదివాను. రెండు కొమ్ముల ఉక్కు చువ్వ, తడితే ఒకే స్వరం, ఎప్పుడూ అదే స్వరం. హైస్కూలు సైన్సు మాస్టరును బతిమాలి ఒక సెట్టు కొన్నాళ్లకు తెచ్చుకున్నాను. బళ్లో అందరూ దాన్ని ఫోర్కు అనేవారు. ఒకదాని మీద రెండువందల యాభై ఆరు అని చెక్కి ఉంది. సెకనుకు అన్నిసార్లు వణుకుతుందని మామకు వివరించాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "శానా బాగుంది. పాట పాడతదా?" అని అడిగి తిరిగి ఇచ్చేశారు. పాతకాలం మనిషి, ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫోర్కు తప్పేమీ లేదు. పుస్తకం తప్పేమీ లేదు. నేను ఆ తరువాత కూడా ఫోర్కు వాడాను, పుస్తకాలు ఇంకా ఎక్కువ చదివాను. చదువు చేతిపనికి అడ్డమని చెప్పే ముసలివాళ్ల మాట వినకండి. జరిగిన తప్పు నాది.

కొండయ్య గొంతు సవరించుకుని వచ్చిన రోజు

ఈ తప్పు అర్థం కావాలంటే రెండు ముక్కలు తెలియాలి. హార్మోనియంలో ప్రతి మెట్టు కిందా ఒక సన్నని ఇత్తడి నాలుక ఉంటుంది. దాన్నే రీడు అంటాం. గాలి తగిలినప్పుడు అది వణికి పలుకుతుంది. కొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది. బిగించి ఉన్న మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఎటు గీకినా నాలుక పలచబడుతుంది. పోయిన ఇత్తడి తిరిగి రాదు.

మామ గిద్దలూరులో కూతురింటికి నాలుగు రోజుల పని మీద వెళ్లారు. దుకాణంలో నేనొక్కణ్ణే. యర్రగొండపాలెం అవతల, అడవి అంచునున్న చిన్న పల్లె నుంచి కొండయ్య అనే పెద్దాయన బస్సు మీద పెట్టె వేసుకుని వచ్చాడు. ఆ ఊరి భజన బృందానికి ఆయనే పెద్ద. ఎలుక తిత్తిని కొరికేసింది. పెట్టె దించి, నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాడమంటావా అని అడిగాడు.

అక్కర్లేదన్నాను. "ఇప్పుడు ఫోర్కు వచ్చింది పెదనాయనా. పాటతో పనిల్యా."

ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. "బస్సులో దారంతా గొంతు సవరించుకుంటానే వచ్చినా" అన్నాడు. తరువాత తువ్వాలు భుజాన వేసుకుని బజారు చూడడానికి వెళ్లాడు.

తిత్తికి కొత్త తోలు వేశాను. శుభ్రంగా కుదిరింది. తరువాత ఫోర్కు పెట్టి స్వరాలు ఒక్కొక్కటీ చూశాను. స, రి బాగానే ఉన్నాయి. మూడోది, గాంధారం, బాగా దిగిపోయి ఉంది. ఆ రీడు మొదలు దగ్గర ఎవరో గీకిన గీతలు కనిపించాయి. ఎవరో చేతకానివాడు పాడుచేశాడనుకున్నాను. పక్కన చెక్క మీద తెల్ల బలపంతో చిన్న అడ్డగీత గీసి ఉంది. మురికనుకుని తడిగుడ్డతో తుడిచేశాను. కొన దగ్గర గీకి, స్వరాన్ని ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడికి ఎక్కించాను. అంత నిక్కచ్చిగా శృతి కుదిరిన పెట్టె మా దుకాణం నుంచి అంతకుముందెప్పుడూ వెళ్లలేదని ఈరోజుకీ చెప్పగలను.

పెట్టె వెనక్కి వచ్చింది

వారం తిరిగాక ఒక పొద్దున ఎత్తయిన ఆడమనిషి ఒకావిడ బస్సు దిగి, పెట్టెను నెత్తిన పెట్టుకుని మా దుకాణానికి వచ్చింది. యాభై దాటిన వయసు. పేరు తిరుపతమ్మ. కొండయ్య తమ్ముడు ఓబయ్య భార్య. ఓబయ్య చనిపోయి మూడేళ్లయింది. ఆ పెట్టె ఓబయ్యది, బృందం కట్టింది కూడా ఆయనే. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. అప్పటికి మామ గిద్దలూరు నుంచి వచ్చేశారు. ఆమెను చూడగానే పనిలోంచి లేచి నిలబడ్డారు.

ఆమె కూర్చోలేదు. నన్ను చూసి, "తిత్తి బాగా కుట్టినావు. గాలి పోవడంల్యా" అంది. తరువాత మూత తీసి, నేను సరిచేసిన మెట్టును ఒక్కసారి నొక్కింది. స్వరం గంటలా పలికింది.

"మా ఆయన ఈడుండె" అంది. "ఇప్పుడు ల్యాడు. యాడ పెట్టినావు?"

నాకు అర్థం కాలేదు. మామకు అయింది. నావైపు తిరిగి, "గీకినావా?" అన్నారు.

"దిగిపోయి ఉండింది మామా. ఫోర్కు పెట్టి చూసి ఎక్కించినా."

"పక్కన బలపం గీత?"

"తుడిచినా."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గీత ఆయన పెట్టిందే. ఈ రీడును ముట్టుకోవద్దని ఆయనకు ఆయన రాసుకున్న గుర్తు. పన్నెండేళ్ల కిందట ఓబయ్య ఆ పెట్టెతో వచ్చి పాడినప్పుడు, ఒక్కచోట ఆయన గొంతు పెట్టెతో కలవలేదు. అందరూ గొంతు మార్చుకోమనేవాళ్లే. మామ రీడును మార్చారు. ఓబయ్య గొంతు ఎక్కడికి దిగితే అక్కడికి దించారు. అప్పటినుంచి ఆ బృందం అన్ని పాటలూ ఆ దిగిన గాంధారంతోనే పాడుతూ వచ్చింది.

మళ్లీ దించేయండి మామా అన్నాను. మీరు ఒకసారి దించినదే కదా.

"ఆయన పాడతా ఉంటే గీకినా. ఇప్పుడు ఎవుర్ని చూసి గీకాల?" అన్నారు.

మామ మంచి పనివాడు. మంచి గురువు కాదు. బలపం గీతల సంగతి నాకు ఒక్కసారైనా చెప్పి ఉండవలసింది. నేను ఒక్కసారైనా అడిగి ఉండవలసింది. మీరు ఎవరికైనా పని నేర్పేటప్పుడు మీ గుర్తులకు అర్థం చెప్పండి. తెలిసినవాడికి అది గుర్తు, తెలియనివాడికి మురికి.

ఓబయ్య పోయిన తిథికి చేసే ఏటి దినం ఎప్పుడని మామ తిరుపతమ్మను అడిగారు. వచ్చే సోమవారం అంది. ఏటా ఆ రోజు సాయంత్రం బృందమంతా వాళ్లింట్లో చేరి ఓబయ్య కట్టిన తత్త్వం ఒకటి పాడుతుంది. అంతటితో ఆ ఏటికి ఆయన్ను తలుచుకున్నట్టు. ఆయన ఫోటో ఎప్పుడూ తీయించుకోలేదు. ఆ పాటలో ఆ ఒక్క చోటు వచ్చినప్పుడు, గోడ అవతల ఉన్నా సరే, ఆయనే కూర్చుని వాయిస్తున్నట్టు ఉండేదట. అది చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు మామూలుగానే ఉంది. నా ముఖమే మాడిపోయింది.

మామ నా చేతికి సన్నని ఆకురాయి, స్క్రూడ్రైవరు ఇచ్చారు. విరిగితే వేయడానికి ఇంకో రీడు అడిగాను. ఆ పాత పెట్టెకు సరిపోయేది మద్రాసు నుంచి రావాలి, నెల పైన పడుతుందన్నారు.

"పెట్టె ఈడ పెట్టుకుంటే ఏం లాభంల్యా. ఆ స్వరం వాళ్ల ఊళ్లో ఉంది. పోయి కూర్చో. పోగొట్టినోడివి నువ్వే తేవాల."

అందరి పాటా ఒకటే, అందరి స్వరం వేరు

ఆదివారం మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. తిరుపతమ్మ ఇంటి పంచలో చాప పరిచారు. బృందంలో ఏడుగురు. కొండయ్య పెద్ద, డోలు వాయించే పీరయ్య, మిగతావాళ్లు రైతులు, గొర్రెలు కాసేవాళ్లు. పాట మొదటి మాట "యాడుంటివి సామీ, యాడుంటివి". ఆ "యాడుంటివి" చివర్లోనే స్వరం దిగుతుంది. ఒక్కొక్కరినీ విడిగా పాడమన్నాను. మామ పద్ధతి గుర్తొచ్చి, ఈ పాటంటే మీకు ఏం గుర్తొస్తుందని కూడా అడిగాను. నాకు ఇంకో దారి లేదు.

కొండయ్య కళ్లు మూసుకుని పాడాడు. అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్న రోజు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట. సాయంత్రం భజన మానలేక ఇద్దరూ వచ్చి చెరో మూల కూర్చున్నారట. ఈ పాట సగానికి వచ్చేసరికి పక్కపక్కన ఉన్నారట. ఎవరు జరిగారో ఇప్పటికీ తెలియదన్నాడు. పీరయ్యకు మొదటిసారి తనను చాప మీద కూర్చోమని ఓబయ్య పిలిచిన రోజు గుర్తొస్తుందట. అంతవరకు వాకిట్లో నిలబడి విని వెళ్లేవాడట. ఒక గొర్రెల కాపరి ఈ పాటను అడవిలో జడుపు పోవడానికి పాడుకుంటాడట, అందుకే వడివడిగా పాడాడు.

ఏడుగురివీ విన్నాను. ఏడుగురూ ఆ స్వరాన్ని ఏడు చోట్ల పెట్టారు.

కొండయ్య ఇంకా కిందికన్నాడు. తన తమ్ముడు బాగా దిగేవాడట.

"నీ తమ్ముడు దిగల్యా పెదనాయనా. నీ గొంతే దిగింది, వయసు మీదబడి" అన్నాడు పీరయ్య.

"నువ్వు డోలు చూసుకో. తోలుకేం తెలుసు శృతి."

కాసేపు అట్లా సాగింది. నేను మధ్యలో కూర్చుని ఆలోచించాను. పన్నెండేళ్లుగా వాళ్లు ఆ స్వరాన్ని గుర్తుపెట్టుకోలేదు. పెట్టె గుర్తుపెట్టుకుంది, వాళ్లు దానికి ఆనుకుని పాడారు. వాళ్లు బరువు వేసి ఆనుకున్న గుంజను నేను ఒక మధ్యాహ్నంలో లాగేశాను.

తిరుపతమ్మ గడపలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. ఎవరు పాడినా ఆ చోటు రాగానే ఆమె చేతులు క్షణం ఆగుతున్నాయి, తరువాత మళ్లీ కదులుతున్నాయి. ఆగిన ప్రతిసారీ అది కాదని ఆమెకు తెలిసిపోతోంది. అది చూడడానికి నాకు ఏడు పాటలు పట్టింది.

మీరు పాడండి పెద్దమ్మా అన్నాను. భజనలో ఆడవాళ్లు పాడే వాడుక లేదని కొండయ్య అన్నాడు, కోపంగా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు.

"పాడేది నాకు రాదు" అంది తిరుపతమ్మ. "పిలిచేది వచ్చు. అది దేవుడి పాట కాదు బావా. ఎద్దు పాట."

కొండయ్య ఆమెవైపు తిరిగాడు.

ఆమె చేట పక్కన పెట్టి చెప్పింది. వానల్లేని ఒక ఏడు కాడి ఎద్దుల్లో ఒకటి తాడు తెంచుకుని అడవిలోకి పోయింది. అది లేకపోతే ఆ ఏటికి సేద్యం లేదు. మొగుడూ పెళ్లామూ మూడు రోజులు అడవి అంచున పిలుచుకుంటూ తిరిగారు. ఓబయ్య గొంతు పెద్దది. కానీ మూడో రోజుకు ఆ గొంతు అరిగిపోయి, "యాడుంటివి" అని ఎత్తుకుంటే చివరిదాకా నిలవకుండా జారిపోయేది. ఇద్దరూ ఆశ వదులుకుని ఇంటికి వస్తే ఎద్దు వాళ్లకంటే ముందే వచ్చి, పక్కవాళ్ల చొప్ప తింటూ ఉంది. ఓబయ్య నేల మీద చతికిలబడి పడీపడీ నవ్వాడట. ఆ సాయంత్రమంతా దాని మెడ కావలించుకుని, అదే పిలుపును అదే జారుడుతో పాడుతూ కూర్చున్నాడట. "సామీ" అన్న మాట తరువాత చేర్చాడు, భజనలోకి రావాలంటే దేవుడుండాలి కదా అని.

పీరయ్య నవ్వు ఆపుకోలేక డోలు మీద తల వాల్చేశాడు.

"పన్నెండేండ్లు కండ్లు మూసుకొని పాడినా గదమ్మా" అన్నాడు కొండయ్య.

"పాడు బావా. ఎద్దు వచ్చింది గద."

ఆరో గీటు

ఆమె మావైపు తిరగలేదు. గడపలోంచి కొండల వైపు చూస్తూ, మనిషి దూరంగా ఉన్నట్టు, పిలిచింది. పాట కాదు. కానీ స్వరం నిలకడగా, ప్రతిసారీ ఒకే చోటికి జారింది. నేను రీడు విప్పి మొదలు దగ్గర ఒక గీటు గీకి, బిగించి, మోగించాను. ఆమె పిలిచింది. ఇంకా అంది. మళ్లీ విప్పాను. రెండు, మూడు, నాలుగు. గీటు గీటుకూ చేతి కింద ఇత్తడి పలచబడడం తెలుస్తోంది. ఐదో గీటు తరువాత మెట్టు నొక్కితే, ఆమె పిలవడానికి నోరు తెరిచి ఆగిపోయింది.

"అదే" అంది.

కొండయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గొర్రెల కాపరి లేచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు, లోపల ఎవరో ఉన్నట్టు.

అక్కడ ఆపవలసింది. నాకు మాత్రం ఆమె గొంతుకూ రీడుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఇంకా వినిపిస్తోంది. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే ఒక వణుకు పుడుతుంది, పుస్తకంలో దాన్ని విస్పందనాలంటారు. ఆ మాట నాకు తెలుసు, ఆ వణుకు నాకు వినిపిస్తోంది, ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు. ఇంకొక్కసారి అన్నాను.

"చాలు నాయనా" అంది తిరుపతమ్మ.

గీకాను. బిగించి మెట్టు నొక్కాను. స్వరం సగం పలికి, టిక్కుమంది. నాలుక మొదటికంటా విరిగి లోపల పడిపోయింది. తిత్తి ఊదితే ఉత్త గాలి.

"మళ్లీ పాయె" అన్నాడు పీరయ్య మెల్లగా.

ఇన్నేళ్ల పనిలో చాలా తప్పులు చేశాను. చాలావరకు తెలియక చేసినవి. ఇది మాత్రం, ఆ స్వరం తెలిసిన ఒకే ఒక్క మనిషి చాలని చెప్పాక చేసింది. మీకు చెప్పదలచుకున్న మాట ఏదైనా ఉంటే అది ఇదే. ఎవరి పాటను బాగుచేస్తున్నారో వాళ్లు చాలన్నప్పుడు పని అయిపోయినట్టు. మీ చెవికి ఇంకా ఏదైనా వినిపిస్తుంటే అది మీ సొంత విషయం.

ఆ రాత్రి తిరుపతమ్మ నాకు అన్నం పెట్టించింది. అది తినడం చాలా కష్టమైంది.

సోమవారం

మర్నాడు మధ్యాహ్నం బస్సు ఉన్నా పోలేదు. పోవడానికి ముఖం చెల్లలేదు. దీపాలు పెట్టే వేళకు బృందం చేరింది. ఊరివాళ్లు వాకిట్లో కూర్చున్నారు. పెట్టె కొండయ్య ముందుంది. నేను స్తంభం చాటున చేరాను.

మామూలు భజనలు పెట్టె ముట్టకుండా డోలుతోనే కానిచ్చి, ఓబయ్య పాటకు మాత్రం పెట్టె తెరిచి ఎత్తుకున్నారు. మొదటి "యాడుంటివి" దగ్గర కొండయ్య వేలు అలవాటుగా ఆ మెట్టు మీద పడింది. పెట్టె ఉస్సుమంది. ఏడు గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి, ఎక్కడ అడుగు వేయాలో ఎవరికీ తెలియక. పీరయ్య డోలు మాత్రం ఆగలేదు. కొండయ్య తల తిప్పి గడప వైపు చూశాడు. తరువాత అందరూ చూశారు.

తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా అక్కడినుంచే పిలిచింది. ఆ ఒక్క చోటే. పిలుపు జారి ఆగగానే బృందం "సామీ" అని అందుకుంది.

ఆ పాటలో ఆ చోటు చాలాసార్లు వస్తుంది. రెండోసారి కూడా కొండయ్య తల తిప్పాడు. మూడోసారికి తిప్పలేదు, వేలు ఎత్తి ఊరకే ఆగాడు. ఆ తరువాత ఎవరూ ఎదురుచూసినట్టు కూడా కనిపించలేదు. పెట్టె ఆగుతుంది, గడపలోంచి పిలుపు వస్తుంది, ఏడుగురూ అందుకుంటారు. చివరి చరణం దగ్గర పీరయ్య చాప మీద కొంచెం జరిగి చోటు చూపించాడు. ఆమె చెయ్యి ఊపి వద్దంది. గడపలోంచి మాత్రం లేవలేదు.

నేను మార్కాపురం వచ్చి జరిగింది జరిగినట్టు మామకు చెప్పాను. ఆయన విని మద్రాసుకు రీడు కోసం కార్డు రాశారు. నెలన్నరకు వచ్చింది. దాన్ని ఆ పెట్టెకు సరిపోయేలా సాపుచేసుకుని బస్సెక్కాను. తిరుపతమ్మ జొన్నరొట్టె పెట్టి, ఇప్పుడు తొందరేముంది, పంట పని అయినాక చూద్దామంది. ఆ తరువాత వెళితే కొండయ్య ఊళ్లో లేడంది. ఏటి దినానికి నాలుగు రోజుల ముందు వెళితే, ఇంత దగ్గర పెట్టుకొని పెట్టె ఇప్పదీయొద్దు నాయనా అంది. ఆ ఏడు కూడా పాట గడపలోంచే పూర్తయింది.

మూడో ఏడు నేను గట్టిగా అనుకుని వెళ్లాను. చేసిన తప్పు దిద్దుకోకపోతే పనివాణ్ణే కాదని నాకు నేను చెప్పుకున్నాను. పంచలో పెట్టె దించి, మూత విప్పి, కొత్త రీడు తీసి, స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. కొండయ్య గోడవైపు చూస్తున్నాడు. తిరుపతమ్మ వచ్చి నా ఎదురుగా చాప మీద, పీరయ్య ఎప్పుడూ చూపించే చోట, కూర్చుంది.

"పెట్టాల్నంటే పెట్టు నాయనా" అంది. "పెట్టినాక నేనేం పాడాల?"

నేను మూత బిగించేశాను.